గసగసాల గింజంత చుక్క

మా ఆయనకు చూపు తగ్గుతోందన్న సంగతి నాకు డాక్టరూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. టీ గ్లాసు దగ్గర తెలిసింది. గ్లాసు అందిస్తే ఆయన వేళ్ళు దాని పక్కన గాలిని పట్టుకునేవి. ఒకసారి అయితే పరధ్యానం అనుకుంటాం. రోజూ అదే. ఆ తర్వాత నుంచి గమనించడం మొదలుపెట్టాను. గడప దగ్గర కాలితో ముందు తడిమి, తర్వాత అడుగు వేసేవాడు. స్పానరు మీద నంబరు చదవడం మానేసి, బొటనవేలితో దాని నోరు కొలుచుకుని తీసుకునేవాడు. షెడ్డులో అరవై బల్బు పీకించి వంద బల్బు పెట్టించాడు. అయినా, "ఈ కరెంటు బొత్తిగా లోవోల్టేజీ" అని విసుక్కునేవాడు.

నేను అడగలేదు. అడిగితే అవుననాలి. అవునన్నాక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియదు.

మాది విజయవాడలో బందరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ముందు భాగంలో పని, వెనక ఒక గది, దాన్ని అంటుకుని వంటిల్లు. వంటింటి గుమ్మంలో నిలబడితే పని బల్ల మొత్తం కనిపించేది. నేను చదివింది అయిదో తరగతి. మా పుట్టింటివాళ్ళు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. పదేళ్ళప్పటి నుంచి సూది పట్టుకున్నదాన్ని కాబట్టి నాకు కళ్ళు, వేళ్ళు మాత్రం బాగా పనిచేసేవి. ఇంజన్ల సంగతంతా ఆ గుమ్మంలో నిలబడి నేర్చుకున్నదే.

తొంభైల్లో మాకు చేతినిండా పని. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి వైపు నుంచి రైతులు ఆయిలింజన్లను ట్రాక్టరు తొట్టిలో వేసుకొచ్చేవాళ్ళు. కాలవలో నీళ్ళు రాకపోతే మురుగు కాలవ నుంచి చెరుక్కి తోడుకోవాలి, దానికి ఆయిలింజనే దిక్కు. ఇంజను పూర్తిగా విప్పి, కడిగి, మళ్ళీ బిగించడంలో మా ఆయనది అందెవేసిన చెయ్యి. ముఖ్యంగా టైమింగు, అంటే వాల్వులు వేళకి తెరుచుకునేలా గేర్లు కలపడం. ఆ ఇంజన్లలో ఒక గేరు మీద ఒక చుక్క, ఇంకో గేరు మీద రెండు చుక్కలు ఉంటాయి. ఆ రెంటి మధ్యన ఈ ఒక్కటి కూర్చోవాలి. పళ్ళు తిన్నగా ఉంటాయి కాబట్టి ఎదురెదురుగా పెట్టి లోపలికి నెట్టేయడమే. ఇరవై అయిదేళ్ళు ఆయన చేసిన పని అది.

తర్వాత పొలాలకి కరెంటు మోటార్లు వచ్చాయి. రోడ్డుకి ఎదురుగా ఇంకో ఇంజన్ల షెడ్డు కూడా లేచింది. రెండువేల సంవత్సరం దాటాక వారానికి ఒక ఇంజను వస్తే గొప్ప. ఆ రోజుల్లో వచ్చాడు ఇంజనీరింగు కాలేజీ మాస్టారు.

సన్నగా, పొడుగ్గా, ముప్పై దాటని మనిషి. చేతిలో స్వీటు డబ్బా ఉంటే ఎవరింట్లోనో శుభకార్యం అనుకున్నాను. డబ్బా మూత తీస్తే లోపల బురద కొట్టుకుపోయిన ఇంజను. నా గుప్పెట్లో పట్టేంత ఉంది. కాలేజీలో పిల్లలకి చూపించడానికి ఎగరేసే చిన్న విమానానిదట. అది దమ్ము చేసిన మడిలో పడి, రెండు నెలలు అలాగే ఉండిపోయిందట. లోపల బేరింగులు తుప్పు పట్టాయి. దానికి పోసే ఆయిల్లో ఆముదం కలుస్తుందట, అది కాలి గోధుమరంగు బంకలా గట్టిపడింది.

"నాలుగు షాపులు తిరిగానండీ. బొమ్మ అని నవ్వి పంపించేశారు" అన్నాడు మాస్టారు. "ఇది బొమ్మ కాదు మేస్త్రి గారూ. మీ ఆయిలింజనుకి ఉన్నవన్నీ దీనికీ ఉన్నాయి. పిస్టను, రెండు వాల్వులు, క్యాం షాఫ్టు, ఫోర్ స్ట్రోకు."

మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పాడు. కళ్ళ దగ్గరికి తీసుకుపోలేదు. వేళ్ళతోనే అంతా తడిమాడు. "చేద్దాం సార్" అన్నాడు.

అప్పుడు మాస్టారు అసలు మాట చెప్పాడు. కాలేజీ వర్క్‌షాపులో మెకానిక్కు ఉద్యోగం ఖాళీగా ఉంది. సర్టిఫికెట్లున్న కుర్రాళ్ళు వస్తున్నారు గానీ స్క్రూ ఎటు తిప్పాలో తెలియడం లేదు. "ఇది మీ చేత్తో తిరిగిందంటే మా ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టి నేనే చెప్తాను. సర్టిఫికెట్టు సంగతి నేను చూసుకుంటా. నెలజీతం ఉద్యోగమండీ, ఆలోచించండి."

ఆలోచించడానికేముంది. మా ఆయన ఆ రోజు భోజనం దగ్గర రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నా చూపు మాత్రం ఆ స్వీటు డబ్బా మీదే ఉంది. ఆ ఇంజనులో ఉన్న స్క్రూలు గోధుమ గింజలంతేసి ఉన్నాయి.

పక్క లేతు షాపాయన మా ఆయన్ని బావా అని పిలిచేవాడు. వాళ్ళు హిందువులు, మేము ముస్లిములం, అయినా ఆ వరస ఎప్పుడు కలిసిందో కలిసింది. రోజూ వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించి చూసేవాడు.

"ఏంటి బావా, ఆయిలింజన్లు పోయి లక్కపిడతల్లోకి దిగావా?"

"లక్కపిడతా? నీ లేతు కన్నా దీనికి కొలతలు ఎక్కువ తెలుసురా."

"సరేలే. చెల్లెమ్మా, మా బావ నిన్ను విమానం ఎక్కిస్తాడంట, బట్టలు సర్దుకో."

కడిగే పని నాది. ఉడుకునీళ్ళలో సోడా వేసి నానబెడదామంటే ఆయన ఒప్పుకోలేదు. "అల్యూమినియం అది. నీ అన్నం తపేలాలో సోడా వేస్తే ఏమైందో మర్చిపోయావా? నల్లబడుద్ది." కిరసనాయిల్లో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో మూడు రోజులు రుద్దాను. కొత్త బేరింగులు మాస్టారు మద్రాసు నుంచి తెప్పించాడు. మా ఆయన వాటిని చక్కగా కూర్చోబెట్టాడు. అది వేళ్ళ పని కాబట్టి ఆయనకి ఇబ్బంది కాలేదు. పిస్టను ఎక్కించాడు, రింగు విరగలేదు. ఇక మిగిలింది క్యాం షాఫ్టు.

అది చిటికెన వేలంత కడ్డీ. దాని మీద రెండు బుడిపెలు. ఒక బుడిపె గాలీ ఆయిలూ లోపలికి వచ్చే వాల్వుని తెరుస్తుంది, రెండోది పొగ బయటికి పోయే వాల్వుని తెరుస్తుంది. ఏది ఎప్పుడు తెరుచుకోవాలన్నది ఆ కడ్డీకి ఉన్న గేరు, పిస్టన్ని ఆడించే గేరుతో ఎక్కడ కలిసిందన్న దాని మీద ఉంటుంది. ఒక పన్ను అటూ ఇటూ అయితే తెరుచుకోవాల్సినప్పుడు మూసుకుని, మూసుకోవాల్సినప్పుడు తెరుచుకుని ఉంటుంది. ఆ గేరు మీద గసగసాల గింజంత చుక్క ఉంది. మాస్టారు ఇంగ్లీషు కాగితం చూసి చదివి చెప్పాడు: పిస్టను పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఈ చుక్క సూటిగా కిందకి చూస్తుండాలి. కాగితంలో అంతే రాసుందట.

ఆ మధ్యాహ్నం షెడ్డులో మాస్టారు, లేతు షాపాయన ఇద్దరూ ఉన్నారు. నేను టీ పళ్ళెం పట్టుకుని బల్ల పక్కకి వచ్చి నిలబడ్డాను. మా ఆయన పిస్టను పైకి తెచ్చి ఆపాడు. కడ్డీని వీధి వైపు వెలుతురుకి ఎత్తి, చూసినట్టు తల ఊపాడు. గేరు వెనకవైపు ఉన్న చిన్న గాటుని గోటితో వెతుక్కుని, దాన్ని బట్టి చుక్కని కిందకి తిప్పుకున్నాడని నాకు అర్థమైంది. అది తప్పేమీ కాదు, చుక్క సరిగ్గా కిందకే ఉంది. బొటనవేలితో లోపలికి నెట్టాడు.

ఈ ఇంజను గేరు పళ్ళు తిన్నగా లేవు, ఏటవాలుగా ఉన్నాయి. కడ్డీ లోపలికి పోతూ పోతూ, మర బిగిసినట్టు కొంచెం తిరిగింది. తిరిగి ఆగింది. చుక్క ఇప్పుడు కిందకి చూడడం లేదు. ఎడమవైపు ఒక పన్ను జరిగింది.

"కుదిరింది" అన్నాడు మా ఆయన.

నేను చూశాను. ఆయన భుజం పక్క నుంచి నాకు స్పష్టంగా కనిపించింది. మాస్టారు అప్పుడు బ్యాటరీ వైరు చూసుకుంటున్నాడు. లేతు షాపాయన బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చూసింది నేనొక్కదాన్నే.

షెడ్డులో గిరాకీ ఉన్నప్పుడు నేను పని గురించి నోరెత్తేదాన్ని కాదు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నేర్పిన పద్ధతి అది. "మేస్త్రి చేతిలో పనున్నప్పుడు పెళ్ళాం మాట్లాడితే గిరాకీకి నమ్మకం పోద్దమ్మా" అనేది. ఇరవై ఏళ్ళు అలాగే గడిచింది. ఆ రోజు ఆగింది మాత్రం ఒక్క దాని వల్లే కాదు. చుక్క జరిగిందని చెబితే, అది ఆయనకి కనిపించలేదని మాస్టారుకి చెప్పినట్టే. ఉద్యోగం ఇప్పిస్తానన్న మనిషికి.

మా ఆయన మూత పెట్టి నాలుగు స్క్రూలు బిగించాడు. వాల్వులుండే తల భాగం ఎక్కించాడు. చెక్కదిమ్మకి ఇంజనుని బిగించి, ఆ దిమ్మని బల్ల మీది వైసు దవడల మధ్య పట్టించాడు. ముందు వైపు ఫ్యానులా తిరిగే రెక్క తగిలించాడు. మాస్టారు సూదిమందు గొట్టంతో ఆయిలు పోశాడు, బ్యాటరీ తగిలించాడు. ఇదంతా అయ్యేసరికి పావుగంట పైనే పట్టింది. నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళి కడిగాను.

మాస్టారు రెక్కని వేలితో తిప్పాడు. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది. మూడోసారి ఇంకొంచెం గట్టిగా తిప్పాడు. ఇంజను ఎదురు తన్నింది. రెక్క వెనక్కి తిరిగి మాస్టారు రెండు వేళ్ళ మీద కొట్టింది. నేను బయటికి వచ్చేసరికి మాస్టారు చెయ్యి పొట్టకి అదుముకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా అంతా నెత్తురు. చూపుడు వేలికి లోపల తెల్లగా కనిపించింది. పరుపు కోసం ఉంచిన గుడ్డ చింపి గట్టిగా చుట్టాను. లేతు షాపాయన స్కూటరు తీశాడు.

స్కూటరు ఎక్కుతూ కూడా ఆ మనిషి మా ఆయన్ని ఓదార్చాడు. "మీ తప్పేం లేదు మేస్త్రి గారూ. ఇవి తంతాయి, నాకు తెలుసు. కర్రతో తిప్పాల్సింది, తొందరపడి వేలు పెట్టాను."

మా ఆయన ఆ నెత్తురు పడ్డచోట ఊక చల్లి, చీపురుతో ఊడ్చాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు. పక్కన మరక అలాగే ఉంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "సార్ ఆయిలు ఎక్కువ పోసినట్టున్నాడు" అన్నాడు. "అందుకే తన్నింది."

"ఆయిలు కాదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "చుక్క జరిగింది. మీరు నెట్టినప్పుడు తిరిగింది. ఒక పన్ను."

ఆయన నా వైపు తిరిగాడు. నా మొహం మీద కాకుండా కొంచెం పక్కన ఆగాయి ఆయన కళ్ళు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చూసి ఎందుకు చెప్పలా?"

"చెబితే మీకు కనపడట్లేదని చెప్పినట్టవుద్ది గదండీ. సారు ముందు."

"నాకు కనపడట్లేదని నీకెవరు చెప్పారు?"

వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగి మాడు వాసన వచ్చింది. ఇద్దరం లేవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?" అన్నాడు.

"రెండేళ్ళవుద్ది."

"నేను చెప్పకూడదని ఊరుకున్నా. నువ్వు అడగకూడదని ఊరుకున్నావు. మధ్యలో ఆ సారు ఏం చేశాడే? ఆయన వేలు ఎందుకు తెగాలి?"

ఆ తర్వాత రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. కోపంగా కూడా లేడు. కోపం అయితే నాకు తెలుసు, దాన్ని ఎలా తగ్గించాలో కూడా తెలుసు. ఇది వేరే. అన్నం పెడితే తినేవాడు, చాలా అంటే చాలనేవాడు, అంతే.

మూడో రోజు శుక్రవారం. నమాజు నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని షెడ్డులోకి వెళ్ళాడు. "ఇదిగో, స్టూలు లాక్కుని ఇటు రా" అని పిలిచాడు. పని బల్ల ముందు నేను కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చుంటే చీరంతా జిడ్డు.

మూత తీశాడు. "పిస్టను పైకి తెచ్చా. చుక్క ఎక్కడుంది?"

"ఎడమ పక్కకి."

"ఎన్ని పళ్ళు?"

"ఒకటండీ."

"మళ్ళీ లెక్కపెట్టు."

"ఒకటే."

"సరే, బయటికి లాగు. లాగేటప్పుడు ఎటు తిరుగుద్దో చూడు."

లాగితే కుడివైపు తిరిగింది. లోపలికి పోతే ఎడమకి, బయటికి వస్తే కుడికి. అంటే ముందే ఒక పన్ను కుడివైపు పెట్టి మొదలుపెడితే, లోపలికి పోయేసరికి తిరిగి సరిగ్గా కిందకి వచ్చి ఆగాలి. ఈ మాట నేను అంటే ఆయన తల ఊపాడు. "పెట్టు, నీ చేత్తోనే."

మొదటిసారి రెండు పళ్ళు పోయింది. రెండోసారి కడ్డీ జారి కింద పడింది, తీసి తుడిచాను. మూడోసారి సూది గుచ్చినట్టు తిన్నగా నెట్టాను. చుక్క నెమ్మదిగా వచ్చి కిందకి చూస్తూ ఆగింది.

"వచ్చిందండీ."

ఆయన నమ్మలేదు. నమ్మకూడదు కూడా. తల భాగం ఎక్కించి, రెండు వాల్వులనీ నొక్కే చిన్న మీటల మీద చెరో వేలు ఆనించాడు. నన్ను రెక్క నెమ్మదిగా తిప్పమన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "పొగ వాల్వు మూసుకుంటా వస్తోంది... గాలి వాల్వు లేవబోతోంది... ఆపు. పిస్టను ఎక్కడుంది?"

"సరిగ్గా పైకొచ్చింది."

"రెండూ సమానంగా కొంచెం తెరుచుకుని ఉన్నాయి. ఇదీ లెక్క." కాసేపు ఆ వేళ్ళు తీయలేదు. తర్వాత అన్నాడు, "ఇది నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నేర్పాడు మా మేస్త్రి. చుక్కలు అరిగిపోయిన ఇంజన్లకి ఇట్టాగే పెట్టేవాణ్ణి. ఆ రోజు ఈ వేళ్ళు పెట్టుంటే తేడా పట్టేసేవాణ్ణి. పెట్టలా. వేళ్ళతో చూస్తే కళ్ళు లేవనుకుంటారని, చుక్క కనపడ్డట్టు మూత పెట్టేశా."

ఆయన ఏడవలేదు. నేనూ ఏడవలేదు. స్క్రూలు ఒక్కొక్కటీ నేను అందిస్తుంటే ఆయన బిగించాడు.

పది రోజుల తర్వాత మాస్టారు కట్టుతో వచ్చాడు. ఈసారి కర్రతో తిప్పాడు. రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. షెడ్డంతా ఆముదం కాలిన వాసన. ఆ గుప్పెడు ఇంజను తెరపి లేకుండా పాడుతుంటే మాస్టారు చిన్నపిల్లాడిలా నవ్వాడు. లేతు షాపాయన, "బావా, ఇక రైతులకి కూడా విమానాలు కట్టిద్దాం" అన్నాడు. మాస్టారు ఇంజను ఆపి, "సోమవారం పొద్దున కాలేజీకి రండి మేస్త్రి గారూ. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి ఉంచాను" అన్నాడు.

మా ఆయన చేతులు తుడుచుకున్నాడు. "సార్, ఒక మాట. ముందు బిగించింది నేను. అది తప్పు, దాని వల్లే మీ వేలు తెగింది. ఇప్పుడు బిగించింది మా ఆవిడ. నాకు చుక్క కనపడదండీ."

లేతు షాపాయన నవ్వు ఆపేశాడు. మాస్టారు తన కట్టు వైపు చూసుకున్నాడు, నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు, దించుకోవాలనిపించింది మాత్రం నిజం. "ముందు డాక్టరుకి చూపించుకోండి" అన్నాడు చివరికి. "ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాను." ఆ గొంతులో చనువు పోయింది. తప్పు పట్టను. ఆ వేలు తర్వాత పూర్తిగా మడత పడలేదని విన్నాను.

కళ్ళ డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు. శుక్లం అయితే కోసి తీసేవాళ్ళమన్నాడు. ఇది లోపల నరం ఎండిపోవడమట. పోయింది తిరిగిరాదు, ఉన్నది నిలబెట్టడానికి రోజూ చుక్కల మందు వేసుకోవాలి. "రెండేళ్ళ ముందు తీసుకొచ్చుంటే చాలా మిగిలేదమ్మా" అన్నాడు నాతో. బస్సులో తిరిగి వస్తూ మందుచీటీ ఆయన జేబులోంచి తీసి నా కొంగున ముడేసుకున్నాను.

కాలేజీ నుంచి కబురు రాలేదు. ఆయన షెడ్డు మూయలేదు. కానీ ఒక నియమం పెట్టుకున్నాడు. ఎవరు వచ్చినా ముందు సంగతి చెప్పేయడం. నేను పక్కన ఉండాలి, అది కూడా చెప్పాలి.

ఆ నియమం పెట్టుకున్నాక వచ్చిన మొదటి మనిషి పామర్రు వైపు రైతు. అంతకు ముందు రెండుసార్లు మా దగ్గర పని చేయించుకున్నవాడే. లారీలో ఊరిదాకా తెచ్చిన ఆయిలింజనుని తోపుడు బండి మీద కట్టుకుని వచ్చాడు. మా ఆయన తాడు విప్పనివ్వకుండానే చెప్పాడు. "కళ్ళు తగ్గాయండీ నాకు. చెయ్యి నాది, చూపు మా ఆవిడది. ఇద్దరం కలిసి చేస్తాం. ఇష్టమైతే దించండి."

రైతు తాడు ముడి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఇంజను వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు. "నారుమడి ఎండిపోతా ఉందండీ, రెండు రోజుల్లో కావాలి. కనుక్కుని వస్తాను" అన్నాడు. బండి తిప్పుకున్నాడు.

చక్రాల చప్పుడు రోడ్డు మీదకి వెళ్ళేదాకా మా ఆయన అలాగే నిలబడి విన్నాడు.

"వెళ్ళాడా?"

"వెళ్ళాడండీ."

"ఇంటికా, ఎదురు షెడ్డుకా?"

ఇంటికే అని చెప్పవచ్చు. ఆయనకి కనిపించదు.

"ఎదురు షెడ్డుకండీ. దించుతున్నారు."

ఆయన తల ఊపి, స్టూలు తడిమి, కూర్చున్నాడు.